కాటా గదిలో పాత మదర్‌బోర్డు



సంక్రాంతి దాటిందంటే గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారులన్నీ ఎరుపెక్కుతాయి. లారీల మీద, ట్రాక్టర్ల మీద మిర్చి టిక్కీలే టిక్కీలు. ఇటు చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు వైపు జిన్నింగ్ మిల్లుల ముందు పత్తి బోరాలు వేసుకుని బళ్లు వరసకడతాయి. మిర్చి అయినా పత్తి అయినా లారీకెత్తిన సరుకు ఎక్కడో ఒకచోట వేబ్రిడ్జి ఎక్కి దిగాల్సిందే. ఆ కాటా పక్కన ఒక చిన్న గది ఉంటుంది. బల్ల మీద డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటరు చీటీ కొడుతుంటుంది. కొన్ని గదుల్లో ఆ బల్ల కింద, తెలుపు కాస్తా పసుపుపచ్చగా మారిపోయిన ఒక కంప్యూటరు డబ్బా ఇంకా కనిపిస్తుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ డబ్బాలోని మదర్‌బోర్డు గురించి. అది పోయినప్పుడు అలాంటిదే మరో పాత బోర్డు వెతికి తెచ్చి, బిగించి, మళ్లీ నడిపించడం గురించి.

పాతికేళ్ల నాటి బోర్డుతో అవస్థ ఎందుకు, కొత్త కంప్యూటరు కొనుక్కోవచ్చు కదా అంటారు. సబబైన మాటే. కానీ కాటా సంగతి వేరు. ప్లాట్‌ఫారం కింద లోడ్‌సెల్స్ ఉంటాయి. బరువు పడితే వాటిలో కలిగే అతి చిన్న విద్యుత్ మార్పును గదిలోని ఇండికేటరు అంకెలుగా మార్చి చూపిస్తుంది. ఆ అంకెలే ఒక వైరు గుండా కంప్యూటరు వెనకున్న తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకు చేరతాయి. 1990లలో రాసిన డాస్ ప్రోగ్రాములు చాలా వరకు ఎవరినీ అడగకుండా నేరుగా ఆ పోర్టు చిరునామా దగ్గరికే వెళ్లి అంకెలు తెచ్చుకునేవి. మొదటి సీరియల్ పోర్టుకు ఆ చిరునామా 3ఎఫ్8. ఇవాళ కొనే కంప్యూటర్లలో ఆ పోర్టు చాలావాటికి ఉండదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే వైరు కొంటే విండోస్‌లో పనిచేస్తుంది గానీ, డాస్ ప్రోగ్రాము వెతికే ఆ చిరునామాలో అది దొరకదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పటి ప్రోగ్రాములు కొన్ని టర్బో పాస్కల్‌లో రాసినవి. ఆ ప్రోగ్రాము మొదలవగానే ముందు ప్రాసెసరు వేగం కొలుచుకుంటుంది, ఒక మిల్లీసెకను ఆగాలంటే ఎన్నిసార్లు ఊరికే తిరగాలో తెలుసుకోవడానికి. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ల మీద ఆ భాగహారంలో వచ్చిన అంకె దానికిచ్చిన చోటులో పట్టదు. అంతే, తెర మీద ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని రాసి ప్రోగ్రాము చేతులెత్తేస్తుంది. యంత్రం చేతకానిదై కాదు, మరీ జోరుగా ఉండబట్టి. దీన్ని సరిచేసే ప్యాచ్‌లు వచ్చాయి. రాసిన మనిషి ఎక్కడున్నాడో తెలియని ప్రోగ్రాముకు ప్యాచ్ వేయడానికి యజమానులు ధైర్యం చేయరు, వాళ్లను తప్పుపట్టలేం.

తెలుగు కథ కూడా కొంత ఇందులోనే ఉంది. మన లిపులను కంప్యూటరు తెర మీదికి తెచ్చే జిస్ట్ పరిజ్ఞానం ఐఐటీ కాన్పూరులో మొదలై, 1988లో పుణెలో ఏర్పడిన సీడాక్ సంస్థ చేతుల్లో పెరిగింది. జిస్ట్ కార్డు అని ఒకటి వచ్చింది. మదర్‌బోర్డు మీది పొడవాటి నల్లటి ఐఎస్‌ఏ స్లాటులో దాన్ని గుచ్చితే డాస్ ప్రోగ్రాములో తెలుగు అక్షరం కనిపించేది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చి, విడిగా ఏ కార్డూ అక్కర్లేకుండా తెలుగు చదవగలిగే దాకా ఇలాంటి ఏర్పాట్లతోనే నెట్టుకొచ్చాం. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులకు, రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకెక్కించే ‘కార్డ్’ పథకం కింద కంప్యూటర్లు వచ్చాయి. చిన్న పట్టణంలో మామూలు మనిషి పని కంప్యూటరుతో ముడిపడటం దరిదాపు ఆ రోజుల్లోనే. కాటా గదుల్లోకీ, కమీషన్ కొట్లలోకీ, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట డీటీపీ సెంటర్లలోకీ డబ్బాలు చేరింది కూడా ఆ కాలంలోనే.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా దాచను. మీ ప్రోగ్రాము ఖాతాలు, పట్టీలు రాసుకోవడానికి మాత్రమే అయితే పాత బోర్డు వెంట పడకండి. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాములో అది హాయిగా నడుస్తుంది. సీరియల్ పోర్టు వ్యవహారం కూడా కొన్నిసార్లు అందులోనే సర్దుకుంటుంది, ముందు అది చూడండి. ఐఎస్‌ఏ కార్డు ఉండి తీరాలన్నప్పుడు, లేదా ప్రోగ్రాము మరే యంత్రం మీదా నిలబడనన్నప్పుడు పాత బోర్డు కోసం బయల్దేరండి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోనూ, చెన్నై రిచీ స్ట్రీటులోనూ ఓపిగ్గా అడిగితే దొరకొచ్చు.

బోర్డు చేతికొచ్చింది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పనిచేస్తుందో లేదో చూద్దామని తెచ్చిన వెంటనే కరెంటు ఇస్తారు. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న ఆయిల్ ఇంజనుకు నూనె, నీళ్లు చూడకుండా హ్యాండిలు తిప్పుతామా? ఇదీ అంతే. పాత బోర్డులో పనంతా స్విచ్చి వేయకముందే ఉంది. ఈ ప్రసంగంలో మీరు గుర్తుపెట్టుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఇదే, అందుకే ఈ భాగం కాస్త సాగదీస్తాను.

మొదట దుమ్ము. మన ప్రాంతపు దుమ్ము మామూలు దుమ్ము కాదు. యార్డు దగ్గర నుంచి వచ్చిన బోర్డు అయితే అందులో మిరప పొడి ఉంటుంది. నోటితో ఊదారో, ఎదురొచ్చి కంట్లో పడుతుంది, ఆ పూటకి పని ముగిసినట్టే. మిల్లు నుంచి వచ్చిందైతే పత్తి నూగు ఫ్యానులోనూ హీట్‌సింక్ రెక్కల మధ్యా పరుపులా అల్లుకుపోయి ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట, గాలికి వీపు పెట్టి కూర్చుని మెత్తటి కుంచెతో దులపండి. తర్వాత బ్లోయరు వాడండి. బ్లోయరు గాలికి ఫ్యాను గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది, అందుకని రెక్కను వేలితో పట్టుకోండి. బల్లి గుడ్లు, చీమల పుట్టలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

తర్వాత బ్యాటరీ. పాత బోర్డులను చంపేవాటిలో మొదటి ముద్దాయి ఇదే. 386, 486 ప్రాసెసర్ల కాలపు బోర్డుల మీద కీబోర్డు సాకెట్టుకు దగ్గర్లో, పీపా ఆకారంలో చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది, 3.6 వోల్టులది. గడియారం, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి పెట్టారు. ఏళ్లు గడిచాక అది కారుతుంది. కారేది క్షారం. రాగి గీతల వెంట పాకి, పైనున్న ఆకుపచ్చ పూత కిందికి దూరి, రాగిని తినేస్తుంది. రేకుల గదిలో ఎండాకాలమంతా మగ్గిన బోర్డుకు ఈ జబ్బు ఇంకా త్వరగా వస్తుంది. బ్యాటరీ చుట్టూ పచ్చటి, తెల్లటి పొడి కనిపిస్తే కారినట్టే. కనిపించకపోయినా సరే, ఆ బ్యాటరీని కోసి తీసేయండి. ఉంచితే రేపైనా కారుతుంది.

క్షారానికి విరుగుడు పులుపు. తెల్ల వెనిగరులో ముంచిన దూదిపుల్లతో ఆ మేరకు తుడవండి. నిమ్మరసం పిండబోకండి, అందులోని తీపి, గుజ్జు బోర్డు మీద ఉండిపోతాయి. తర్వాత డిస్టిల్డ్ వాటరుతో, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, నీడలో బాగా ఆరనివ్వండి. ఆరాక మల్టీమీటరు బీప్ మీద పెట్టి, మచ్చపడ్డ గీతలన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఉన్నాయో లేదో చూడండి. తెగినచోట సన్నటి వైరు వేసి సోల్డరు చేయొచ్చు.

తీసేసిన బ్యాటరీ స్థానంలో నాణెం బ్యాటరీ, అంటే సీఆర్2032 పెడదామనుకుంటే ఒక జాగ్రత్త ఉంది. పాత బ్యాటరీ చార్జింగు పెట్టేది, బోర్డు దానికి కరెంటు ఎక్కిస్తుంటుంది. నాణెం బ్యాటరీ చార్జింగు ఎక్కించకూడనిది. మధ్యలో ఒక డయోడు పెట్టకుండా అతికిస్తే అది ఉబ్బుతుంది, పేలినా పేలొచ్చు. నాకైతే ఇంకో పద్ధతి మేలనిపిస్తుంది. చాలా బోర్డుల మీద బయటి బ్యాటరీ కోసం నాలుగు పిన్నుల చోటు, దాని పక్కన ఏ బ్యాటరీ వాడాలో బోర్డుకు చెప్పే చిన్న ప్లాస్టిక్ టోపీ, అంటే జంపరు, ఉంటాయి. పెన్సిల్ సెల్స్ పెట్టిన చిన్న డబ్బీని వైరుతో అక్కడికి కలిపి, డబ్బీని క్యాబినెట్టు గోడకు అంటించేయండి. రేపు అది కారినా బోర్డు మీద పడదు.

ఆపైన కెపాసిటర్లు. ప్రాసెసరు చుట్టూ సిపాయిల్లా నిలబడే చిన్న చిన్న డబ్బాలు. సుమారు 1999 నుంచి 2007 దాకా తయారైన బోర్డుల్లో నాసిరకం ద్రావకం పోసినవి ప్రపంచమంతా పడ్డాయి. వాటి తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు పొక్కు కట్టినా మార్చాల్సిందే. మార్చేటప్పుడు మైక్రోఫ్యారడ్లు అంతే ఉండాలి, వోల్టేజీ అంతే గానీ కాస్త ఎక్కువ గానీ ఉండాలి, లో ఈఎస్‌ఆర్ రకం అయి ఉండాలి. బోర్డు మీద మైనస్ గుర్తును నమ్ముకోకండి. కొన్ని కంపెనీలు దాన్ని తిరగేసి ముద్రించాయి. పాతవి పీకకముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

ఇప్పుడు కరెంటు డబ్బా, ఎస్‌ఎంపీఎస్. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ పద్ధతి తెచ్చింది. అంతకు ముందరి ఏటీ బోర్డులకు రెండు కనెక్టర్లు పక్కపక్కన దిగుతాయి, పీ8, పీ9 అని. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తారుమారుగా కూడా దిగుతాయి. తారుమారైతే బోర్డు అక్కడికక్కడే పోతుంది. రెండింటి నల్ల వైర్లూ మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి, అంతే గుర్తు.

ఏటీ పద్ధతిలో మనిషి ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. ఇప్పటి కంప్యూటర్ల ముందున్న బటన్‌లో ప్రమాదం ఉండదు, కొద్ది వోల్టులే. ఏటీ డబ్బాలో ముందున్న స్విచ్చి దాకా నాలుగు లావు వైర్లు వస్తాయి, వాటిలో పారేది గోడ సాకెట్టులోని 230 వోల్టులే. మూత తీసి ఉన్నప్పుడు ప్లగ్ పీకకుండా అక్కడ చెయ్యి పెట్టొద్దు. టేపు ఊడిన స్విచ్చి అయితే మార్చేయండి. పాత ఎస్‌ఎంపీఎస్ దొరక్క కొత్త ఏటీఎక్స్‌ను అడాప్టరుతో కలిపితే, కొత్తవాటిలో మైనస్ 5 వోల్టుల లైను ఉండదని తెలుసుకోండి. కొన్ని ఐఎస్‌ఏ కార్డులకు అది కావాలి.

ఎర్తింగ్ మాట కూడా చెప్పాలి. సాకెట్టులో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన భూమిలో ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. మీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, కంప్యూటరు సంగతి తర్వాత. మిల్లులో పెద్ద మోటారు లేచినప్పుడల్లా ఆ గదిలో బల్బు గుడ్డిదవుతోందంటే యూపీఎస్ తప్పదు.

ఇక జంపర్లు. ఇప్పటి బోర్డు ప్రాసెసరును తనే గుర్తుపడుతుంది. అప్పటిది మనం చెప్పాలి. చిన్న ప్లాస్టిక్ టోపీలను పిన్నుల మీద ఇటో అటో పెట్టి మూడు విషయాలు చెబుతాం: బోర్డు వేగం ఎంత, ప్రాసెసరు దాన్ని ఎన్ని రెట్లు చేసుకోవాలి, దానికి ఎన్ని వోల్టులివ్వాలి. 66 మెగాహెర్ట్జ్ పెట్టి రెండు రెట్లంటే 133 పెంటియం. వేగం తప్పుగా పెడితే చాలావరకు మందకొడిగానో, తిక్కగానో నడుస్తుంది. వోల్టులు తప్పితే మాత్రం క్షమించదు. మామూలుగా 486 డీఎక్స్2కి 5 వోల్టులు, డీఎక్స్4కి 3 వోల్టుల పైచిలుకే. పెంటియం ఎంఎంఎక్స్ లోపలి భాగానికి 2.8 వోల్టులు. ప్రాసెసరు వీపు మీద రాసి ఉన్నది చదవండి, బోర్డు మీద తెల్ల అక్షరాల్లో అచ్చేసిన పట్టికతో సరిపోల్చండి. పట్టిక లేకపోతే బోర్డు మోడల్ నంబరు పట్టుకుని మాన్యువల్ సంపాదించండి. ఊహించి మాత్రం పెట్టకండి.

డబ్బాలో బిగించకముందే చెక్క బల్ల మీద పెట్టి చూసుకోవాలి. జనవరి పొడి గాలిలో ఒంట్లో స్టాటిక్ కరెంటు ఎక్కువ ఉంటుంది, ముందు ఎర్త్ అయిన లోహం తాకండి. ప్రాసెసరు మూలకున్న గుర్తు సాకెట్టు మూల గుర్తుతో కలవాలి. హీట్‌సింక్ కింద పేస్టు కొత్తగా రాయండి. ర్యాం విషయంలో 72 పిన్నుల సిమ్ములు 486కి ఒకటి చాలు, పెంటియంకు జతగా వేయాలి. 30 పిన్నులవైతే 486కి నాలుగేసి చొప్పున. డిస్‌ప్లే కార్డు పెట్టండి. ఇంకేమీ వద్దు. హార్డ్‌డిస్కు వద్దు, ఫ్లాపీ వద్దు. చిన్న స్పీకరు మాత్రం మరవకండి, తెర వెలగకముందు బోర్డు మాట్లాడేది దాని ద్వారానే.

ఇప్పుడు స్విచ్చి వేయండి. బోర్డును మొదట మేల్కొలిపే ప్రోగ్రామును బయాస్ అంటారు. అవార్డ్ కంపెనీ బయాస్ ఉన్న బోర్డు ఒక్క చిన్న బీప్ ఇస్తే అంతా క్షేమం. ఒక పొడుగు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లే కార్డు తంటా. పొడుగు కూతలు ఆగకుండా వస్తుంటే ర్యాం సరిగా కూర్చోలేదు; తీసి, అంచు తుడిచి, మళ్లీ పెట్టండి.

తెర వెలిగాక డిలీట్ నొక్కితే సెటప్ వస్తుంది. తేదీ, టైము వేయండి. చీటీ మీద పడేది ఆ తేదీయే కాబట్టి ఆపి, పది నిమిషాలాగి, మళ్లీ పెట్టి నిలిచిందో లేదో చూడండి. కాటా గదిలో ఒక్కోసారి కీబోర్డు ఊడి ఉంటుంది. అందుకని ‘హాల్ట్ ఆన్’ దగ్గర కీబోర్డు తప్ప మిగతా తప్పులకే ఆగమని పెట్టండి. మొదటి సీరియల్ పోర్టుకు 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4 అని చూసుకోండి.

హార్డ్‌డిస్కు దగ్గర ఒక మెలిక ఉంది. తొలి బయాస్‌లు 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్ల దాకానే లెక్కపెట్టగలవు. సెక్టారుకు 512 బైట్లు. హెచ్చిస్తే 52 కోట్ల 84 లక్షల బైట్ల చిల్లర, అంటే 504 మెగాబైట్లు. డిస్కు అంతకన్నా పెద్దదైనా వాటి కంటికి కనబడదు. తర్వాతి బయాస్‌లలో నార్మల్, లార్జ్, ఎల్‌బీఏ అని మూడు పద్ధతులు వచ్చాయి. పాత డిస్కును మార్చిన బోర్డుకు కలుపుతుంటే, అది వెనకటి బోర్డులో ఏ పద్ధతిలో ఉండేదో అదే ఇవ్వాలి. లేకపోతే డేటా అంతా చెత్తలా కనబడుతుంది. కంగారుపడి ఫార్మాట్ కొడితే మాత్రం నిజంగానే పోతుంది. అసలు ఆ డిస్కును బోర్డుకు కలపకముందే వేరే కంప్యూటరులో పూర్తిగా నకలు తీయించండి. నకలును చిన్న కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులోకి ఎక్కించి, ఐడీఈ అడాప్టరుతో డిస్కు బదులు అదే పెట్టొచ్చు. తిరిగే భాగం లేదు కాబట్టి లారీల అదురుకు చలించదు. డాస్ 6.22 ఒక్కో పార్టిషన్‌ను 2 గిగాబైట్ల దాకానే ఒప్పుకుంటుంది, పెద్ద కార్డు కొని డబ్బు పారేసుకోకండి.

ఇంత చేశాక కూడా కాటా అంకె రాకపోవచ్చు. ఏటీ బోర్డుల్లో సీరియల్ పోర్టు బోర్డుకు అతికి ఉండదు. పది పిన్నుల నుంచి ఒక పట్టీ వైరు వెనక పలకకు వెళుతుంది. ఈ వైరును కంపెనీలు రెండు రకాలుగా అల్లాయి. ఒక బోర్డు వైరు ఇంకో బోర్డుకు పెడితే చక్కగా దిగుతుంది, ఒక్క అక్షరం కూడా రాదు. పోర్టు కాలిపోయిందని బోర్డునే పారేసినవాళ్లున్నారు. మీటరు పెట్టి, రెండో పిన్ను ఎక్కడికి పోతోందో, మూడోది ఎక్కడికో మాన్యువల్‌తో చూస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది.

ఆ తర్వాతే డబ్బాలో బిగించండి. బోర్డు అడుగు ఇనుప పలకకు ఎక్కడా తగలకూడదు. ఇత్తడి స్టాండ్‌ఆఫ్ ఉన్నచోట బోర్డుకు రంధ్రం ఉందో లేదో చూసుకోండి, లేనిచోటిది విప్పేయండి. పట్టీ వైర్ల ఎర్ర అంచు ఒకటో పిన్ను వైపు.

చివరగా, కాటా పరీక్ష. ఇండికేటరుకు తూనికల కొలతల శాఖ వేసిన సీలు ఉంటుంది, దాని జోలికి మీరు పోవద్దు. వైరు కలిపి, ఇండికేటరు ఏ వేగంతో పంపుతోందో, 2400 కానీ 9600 కానీ, ప్రోగ్రాములోనూ అదే పెట్టండి. ఒక ఖాళీ లారీ ఎక్కించండి. కొన్ని ఇండికేటర్లు చివరి అంకెను ముందు పంపుతాయి, ప్రోగ్రాము దాన్ని తిప్పుకోవాలి. సెట్టింగు తప్పితే 12,340 కిలోలు 04321 అయి కూర్చుంటుంది. అందుకే తిప్పి చదివినా మారని బరువుతో పరీక్షించి సరిపోయిందనుకోకండి. ఇండికేటరులో ఉన్నదీ, తెర మీదిదీ, చీటీ మీదిదీ మూడూ ఒకటే అయ్యేదాకా రైతు బండిని కాటా ఎక్కించకండి. అయ్యాక జంపర్లు ఏవి ఎక్కడున్నాయో, సెటప్‌లో ఏమి పెట్టారో ఒక కాగితం మీద రాసి క్యాబినెట్టు మూత లోపల అంటించండి. ఫ్లాష్ కార్డుకు రెండో నకలు తీసి బీరువాలో పడేయండి. ఉరుములు మొదలైతే ఇండికేటరు వైరు పీకేయమని గుమాస్తాకు చెప్పి రండి.